గట్టు దిగకుండా గంగమ్మను నమ్మడం ఎలా?

దేవుణ్ణి నమ్మాలని ఉంది గానీ ముందు అన్నీ తేలాలి అనుకునేవాళ్ల కోసం ఈ చిట్కాలు. అభ్యాసానికి విశాఖ జాలరిపేటను మించిన చోటు లేదు. అక్కడ తెల్లారకముందే మగవాళ్లు బోటును కెరటాల్లోకి తోసి, గంగమ్మ తల్లికి ఓ దణ్ణం పెట్టి చీకట్లోకి వెళ్లిపోతారు. ఇలాంటి తొందరపాటు మీకు పనికిరాదు.

మొదట హామీ అడగండి. కానాగంతలు ఏ దిక్కున ఉన్నాయి, వల్లో కోనాం పడుతుందా, డీజిల్ ఖర్చయినా వస్తుందా? అమ్మవారు ముందే చెప్పాలి. చెప్పకపోతే హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌ను ఆశ్రయించండి. ఉపగ్రహం పంపిన లెక్కలు చూసి, ఫలానా దిక్కున, ఇంత దూరంలో చేపలుండే వీలుందని ఆ సంస్థ మత్స్యకారులకు కబురు చేస్తుంది. అయితే ఓ చిక్కుంది. ఉపగ్రహానికి కనబడేది చేప కాదు, నీటి వేడి, నీటి రంగు. నీరు పచ్చబడితే కంటికానని నాచు ఉంటుందని, నాచుంటే మేత ఉంటుందని, మేతుంటే చేప వస్తుందని లెక్క. మబ్బు పడితే ఆ మాత్రమూ కనబడదు. కాబట్టి చేపను కళ్లారా చూశాకే బోటెక్కండి. పేటలో ఇంతవరకూ ఎవరూ అలా చేయలేదు. మీరే మొదటివారవుతారు.

తుపాను వేళ మాత్రం పద్ధతి మార్చి, నమ్మకాన్ని రెట్టింపు చేయండి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది. ఎక్కడ దాటుతుందో వాతావరణ శాఖ రోజుల ముందే చెప్పింది. అలాంటి కబురు విని వేట మానేసి, బోట్లు పైకి లాగి, తాళ్లు బిగించి, ఆ తర్వాత ‘నువ్వే దిక్కు తల్లీ’ అనేవాళ్లది సగం నమ్మకమని తేల్చేయండి. అసలు భక్తుడికి తాడెందుకు? ఆ తుపానులో కట్టిన బోట్లూ పోయాయి కదా, ఇంక కట్టడమెందుకని వాదించండి. మీరు మాత్రం బీచ్ రోడ్డుకి వెళ్లి కెరటాలను వీడియో తీసుకోండి, దేవుడున్నాడు. (గాలి గంటకు 180 కిలోమీటర్లు దాటితే ఫోను రెండు చేతులా పట్టుకోవాలి.)

ఇక కష్టమొచ్చిన ఇంటికి వెళ్లడం. దీనికి శిక్షణ కావాలి. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో నిప్పంటుకుని పదుల కొద్దీ బోట్లు కాలిపోయాయి. ఒకదాని పక్కన ఒకటి కట్టేసిన బోట్లు, లోపల డీజిలు, వంట గ్యాసు సిలిండర్లు. ఇలాంటప్పుడు అప్పు చేసి కొన్న బోటు మసైపోయిన మనిషి జెట్టీ మీద కూర్చుని ఉంటాడు. వెంటనే అందుకోండి: “ఏం జరిగినా మన మంచికే. ఆయన లీల మనకు అర్థం కాదు.” ఈ రెండు ముక్కల మధ్య ఊపిరి తీసుకోవద్దు. తీసుకుంటే, “అర్దం కాదన్నోడివి మంచికేనని ఎలాగ సెప్పీసినావు బాబూ?” అని అతనడిగే ప్రమాదముంది. అడిగితే పూర్వజన్మ అనండి. పూర్వజన్మకు రసీదులుండవు. టీ ఇప్పించడం, బీమా కాగితాలు నింపి పెట్టడం, నోరు మూసుకుని పక్కన కూర్చోవడం... ఇవన్నీ వివరణ చేతకానివాళ్లు చేసే పనులు.

ఆ మాటకొస్తే కారణం వెతకడంలో పేటవాళ్లేమీ తీసిపోరు. చార్లెస్ నకోల్స్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త విశాఖ జాలరుల మధ్య ఉండి, వాళ్ల గురించి 1996లో ఓ పుస్తకమే తెచ్చాడు. వల ఖాళీగా వస్తున్నా, ఇంట్లో జబ్బు తగ్గకపోయినా, ఏ అమ్మకు కోపం వచ్చింది, ఏ మొక్కు బాకీ పడింది అని, కారణం చూసి చెప్పే దాసుడి దగ్గర ఆరా తీస్తారు. ఇంతవరకూ భేష్. వాళ్ల పొరపాటల్లా ఆ తర్వాతే. మొక్కు తీర్చేసి మర్నాడు మళ్లీ వేటకు పోతారు. ఆ కారణం సరైనదో కాదో తేలేదాకా ఆగరు. మీరు ఆగండి. అవసరమైతే ఆయుష్షంతా ఆగండి.

బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికీ ఓసారి వెళ్లండి. అమ్మవారి మీద పైకప్పు ఉండదు. ఎందుకంటే అమ్మకి ఇష్టం లేదంటారు, అంతే. ఒప్పుకోకండి. వరసలో వెనకవాళ్లు తోస్తున్నా సరే, కారణం కాగితం మీద రాసిమ్మనండి. అటునుంచి ఓడరేవు వైపు వెళితే మూడు కొండల మీద చర్చి, దర్గా, వెంకన్న గుడి కనబడతాయి. మూడింటికీ మార్కులు వేశాకే దణ్ణం.

ఇంత నేర్చాక, చూడకుండా నమ్మడం గురించి జాలరులకే ఉపన్యాసం ఇవ్వాలనిపిస్తుంది. ఇవ్వండి, కాకపోతే వేళ చూసుకోండి. తెల్లవారుజామున వద్దు. ఐసు నింపుకుంటూ, ఇంజిను చూసుకుంటూ, గాలి ఎటు తిరిగిందో చూసుకుంటూ ఉంటారు. చూడకుండా నమ్మేవాళ్లు ఇంత చూడటమేమిటని మీకు అనుమానం తగులుతుంది. పొద్దెక్కాకా వద్దు. వేలంపాటలో ఆడవాళ్ల గొంతు ముందు మీ మైకు చాలదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అప్పుడైతే ఒడ్డునే కూర్చుని వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. వెళ్లి మొదలుపెట్టండి. ముసలాయన ఎవరో తలెత్తకుండానే అంటాడు: “ఊరికినే ఉన్నావు గదేటి బాబూ, ఈ కొస ఓపాలి పట్టుకో.”