అంతులేని సీజన్

శాసనసభల సమాచారమంతా ఒకే తెర మీదికి వచ్చేస్తోందట, కాగితాల రోజులు పోయాయట. సంతోషం. ప్రతి సమావేశానికీ రెండు గడులు: మొదలైన తేదీ, ముగిసిన తేదీ. రెండోది మొదటిదానికంటే ముందుది కాకుంటే చాలు, కంప్యూటర్ పచ్చ టిక్కు పెట్టేస్తుంది. దీన్నే సరిచూడటం అంటున్నారు! సికింద్రాబాద్‌లోని సీతాఫల్‌మండి పేరులో ఉన్న పండుకైనా ఒక లెక్కుంది: వానల చివర వస్తుంది, చలి ముదిరేసరికి పోతుంది. మన శాసనసభ సీజన్‌కు ఆ పాటి బుద్ధి కూడా లేదు.

తెలంగాణ రెండో శాసనసభ ఎనిమిదో సమావేశాన్నే తీసుకోండి. 2021 సెప్టెంబర్ 24న మొదలైంది, అక్టోబర్ 8న నిరవధికంగా వాయిదా పడింది. అయిపోయిందనుకున్నారా? ప్రొరోగ్ చేస్తేగా, అంటే గవర్నర్ సమావేశాన్ని అధికారికంగా ముగిస్తేగా! 150 రోజులకు, 2022 మార్చి 7న బడ్జెట్ కోసం లేచింది, 15న మళ్లీ పడుకుంది. ఇంకో 175 రోజులకు సెప్టెంబర్ 6న కళ్లు తెరిచి, 12, 13 తేదీల్లో కూర్చుని, తిరిగి నిద్రపోయింది. ఇప్పుడు రెండో గడిలో ఏం రాయాలి? అక్టోబర్ 8 అని రాస్తే, మార్చిలో జరిగింది కొత్త సమావేశమవుతుంది. ఏడాది తొలి సమావేశంలో గవర్నర్ ప్రసంగం ఉండాలంటుంది 176వ అధికరణం. ప్రసంగం ఏదీ? పోనీ, 2022 సెప్టెంబర్ 13 అని రాస్తే, మన ఎమ్మెల్యేలు ఒక సీతాఫలాల కాపు నుంచి మరో కాపు దాకా 355 రోజులు సభలోనే పాతుకుపోయినట్టు. పాపం కంప్యూటర్, రెండింటికీ పచ్చ టిక్కే పెడుతుంది.

ఇది గుమాస్తా పొరపాటు కాదు. ముగింపు తేదీ లేకపోవడమే ఎత్తుగడ. సమావేశం ముగియకపోతే మళ్లీ కూర్చోవడానికి గవర్నర్ పిలుపు అక్కర్లేదు, ప్రసంగమూ అక్కర్లేదు. వాయిదా పడిన సభను మళ్లీ పిలిచే అధికారం స్పీకర్‌కు ఉందంటారు. ఉంది, పంజాబ్ కేసులో 2023లో సుప్రీంకోర్టూ ఒప్పుకుంది. అధికారం ఉండటం వేరు, దాన్ని ఐదు నెలల నిద్రకు దుప్పటి చేసుకోవడం వేరు. ఆరు నెలలు దాటలేదు కదా అంటారు. 174వ అధికరణం ఆ ఆరు నెలలను ఒక సమావేశం చివరి రోజు నుంచి తర్వాతి సమావేశం తొలి రోజు వరకు లెక్కించమంటుంది. సమావేశమే ముగియకపోతే లెక్క ఎక్కడ మొదలుపెడతారు? కాపలా పెట్టిన నిబంధనకే గేటు లేకుండా చేసి, దొంగతనం జరగలేదని ప్రమాణం చేయడం సిగ్గుచేటు. చివరికి ప్రభుత్వమే బడ్జెట్‌కు గవర్నర్ ఆమోదం కోసం 2023 జనవరిలో హైకోర్టుకెక్కి, రాజీ కుదిరాక ఫిబ్రవరి 3న గవర్నర్ ప్రసంగం పెట్టించింది. ఇన్నాళ్లూ అడ్డొచ్చింది రాజ్యాంగమా, పంతమా?

కాబట్టి ఆ రెండు గడులూ చాలవు. సభను పిలిచిన తేదీ, కూర్చున్న ప్రతి రోజు తేదీ, ప్రొరోగ్ అయిన తేదీ విడివిడిగా రాయండి. ఆ రోజుల్లో డిప్యూటీ స్పీకర్ పద్మారావు గౌడ్, సీతాఫల్‌మండి ఉన్న సికింద్రాబాద్ నియోజకవర్గ ఎమ్మెల్యేనే. ఆయన సభలో ఎన్ని రోజులున్నారని ఇక్కడి ఓటరు అడిగితే, 355 అని చెప్పే తెర ఎంత మెరిసినా అది అబద్ధమే చెబుతున్నట్టు.