కోవిడ్ చార్టు కథ

ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా పనిచేసే ‘అవర్ వరల్డ్ ఇన్ డేటా’ బృందం 2020లో కోవిడ్ లెక్కలను గ్రాఫులుగా గీయడం మొదలుపెట్టింది. ఈ కథలోని చార్టు ఆ రోజుల్లో పుట్టిందే. అడ్డ అక్షం మీద తేదీలు, లోపల దేశానికో రంగు గీత. నిలువు అక్షం మీద ఏ లెక్క ఉండాలో మాత్రం చూసేవాళ్ల ఇష్టం. మొదట్లో కేసులకు ఒకటి, మరణాలకు ఒకటి, పరీక్షలకు ఇంకొకటిగా వేర్వేరు చార్టులుండేవి. తర్వాత అవన్నీ ఒకే చార్టులో చేరాయి, పక్కన ఎంచుకునే జాబితా వచ్చింది.

లోపల జరిగే పని చిన్నదే. దేశానికి, రోజుకు ఒక్కో అడ్డు వరుసగా పెద్ద పట్టిక ఉంటుంది. కేసులు, మరణాలు, పరీక్షలు, టీకాలు దేనికదే ఒక నిలువు వరుస. జాబితాలో ఒక పేరు నొక్కితే ఆ నిలువు వరుస గీతగా మారుతుంది. దానితోపాటు శీర్షిక, కొలమానం, అక్షం మీది అంకెలు కూడా మారి తీరాలి. గీత మారి శీర్షిక పాతదే నిలిచిపోతే చార్టు అబద్ధం చెప్పినట్టే. అందుకే ఈ చార్టు తన శీర్షికను గీతకన్నా జాగ్రత్తగా చూసుకుంటుంది.

ఎంపిక ఎంత బరువైనదో ‘జనాభా ప్రకారం’ అనే చిన్న గడి చెబుతుంది. 2021 మేలో భారతదేశంలో ఒక్కరోజు కేసులు 4 లక్షలు దాటాయి. 2022 జనవరిలో అమెరికా ఏడు రోజుల సగటు దాదాపు 8 లక్షలు. గడిలో టిక్కు పెడితే భారత్ గీత పది లక్షల మందికి 300 లోపే ఆగుతుంది, అమెరికాది 2,000 దాటుతుంది. రెండూ నిజాలే. ఆసుపత్రిలో పడకలు, ఆక్సిజన్ ఎన్ని కావాలో లెక్కగట్టేవారికి మొత్తం సంఖ్య కావాలి. దేశాల మధ్య వ్యాప్తిని పోల్చేవారికి జనాభా ప్రకారం లెక్క కావాలి.

అయినా పరీక్ష చేయని చోట కేసు కనిపించదు. అందుకే పరీక్షల్లో పాజిటివ్ శాతం కూడా జాబితాలో చేరింది. 2021 మే మొదట్లో భారత్‌లో అది 20 శాతం దాటింది, అంటే లెక్కకెక్కని కేసులు చాలా ఉన్నాయన్నమాట. మరణాల విషయంలో నమోదుకూ వాస్తవానికీ మధ్య తేడా మరీ బాధాకరం. 2020, 2021 సంవత్సరాలకు భారత్‌లో అధికారికంగా నమోదైన కోవిడ్ మరణాలు సుమారు 4.8 లక్షలు. అదే కాలానికి అదనపు మరణాలు, అంటే మామూలుగా ఊహించినదానికన్నా ఎక్కువగా జరిగినవి, సుమారు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో అంచనా వేసింది. లెక్కించిన పద్ధతిని భారత ప్రభుత్వం తప్పుపట్టింది. నమోదైన మరణాలొక్కటే చూపే చార్టులో నమోదుకానివి ఎన్ని అనే ప్రశ్నే తలెత్తదు. ఇన్ని ఎంపికలకూ ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదు.

చూసేవారు చేసిన ఎంపిక వెబ్ చిరునామాలో నమోదవుతుంది. ఆ లింకు పంపితే అవతలివారికి అదే లెక్క, అవే దేశాలు కనిపిస్తాయి. వాదన ఏ కొలత మీద నడుస్తోందో ఇద్దరికీ తెలుస్తుంది.

ఈ చార్టుకు కేసులు, మరణాల లెక్కలు అందిస్తున్న జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం 2023 మార్చి 10న కోవిడ్ లెక్కల సేకరణ ఆపేసింది. చార్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలకు మారింది. అప్పటికే చాలా దేశాలు వారానికోసారి మాత్రమే వివరాలిస్తున్నాయి. రోజువారీ కేసులు ఎంచుకుంటే ఒకరోజు శిఖరం, ఆరు రోజులు సున్నా. వారపు మొత్తమో, ఏడు రోజుల సగటో ఎంచుకున్నవారికే ఆ గీత అర్థమవుతుంది.