ఆప్షన్లు ఎవరివి?

గాంధారి నెట్ సెంటర్‌లో ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్ల జాతర. కుర్చీలో పిల్ల. వెనక నాయిన, మేనమామ, వీడియో కాల్‌లో అమెరికా అన్న. మొదటిది సీఎస్‌ఈ, రెండోది సీఎస్‌ఈ ఏఐ, మూడోది సీఎస్‌ఈ డేటా సైన్స్. ఇట్లా నలభై. వెరైటీకి లోటేముంది, కాలేజీల పేర్లు మారుతున్నాయి కదా!

"మన కామారెడ్డిలనే డెయిరీ టెక్నాలజీ బీటెక్ ఉన్నది గద మామా" అంది పిల్ల, మెల్లగా.

"బర్ల కాడికి బీటెక్ ఎందుకే?" గదిమాడు మామ. ఆయనకున్నవి ఆరు బర్లు. పాలకేంద్రంలో వెన్న శాతం చూసి ఎంత చేతిలో పెడితే అంతే తెచ్చుకుంటాడు. ఆ శాతం ఎట్లా తేలుస్తారంటే మాత్రం "మిషిన్ చెప్తది" అంటాడు.

ఆఖర్న పిల్లనూ ఓ మాట అడిగారు.

"ఓటీపీ వచ్చిందా బిడ్డా?"