గాలానికో రాట్నం

మా ఆడపడుచు కూతురి పెళ్ళికని అత్తగారు పాలకొల్లు నుంచి పంపిన వంగపండు రంగు పట్టుచీరకి జాకెట్టు కుడుతున్నాను. దానికి ప్రస్తుతం ఒకటే చెయ్యి. రెండో చెయ్యి ఫిబ్రవరి నుంచి గుండుసూదులతో బల్ల మీద పడి ఉంది. నా బద్ధకం కాదు. కుట్టుమిషన్‌కి మోటారు లేదు. మోటారు గ్యారేజీలో ఉంది. అక్కడది చేపల గాలానికి దారం చుడుతోంది.

హాస్యానికి చెప్పడం లేదు. పదిమందీ విని న్యాయం చెబుతారని, జరిగింది జరిగినట్టు మనవి చేసుకుంటున్నాను.

మేముండేది టెక్సాస్‌లో, డల్లాస్‌కి ఉత్తరాన ప్లేనోలో. మా ఆయనకి ఏడాదికో పిచ్చి పడుతుంది. ఒక ఏడు పెరట్లో దోసపాదులు, ఒక ఏడు ఇంట్లో రొట్టెల బట్టీ. వాటికి సర్దుకుపోయాను. పోయిన శరదృతువులో ఆఫీసు స్నేహితుడొకాయన చేపలు పట్టడానికి తీసుకెళ్ళారు. ఇక్కడి చెరువుల్లో పడే చేప పేరు బాస్. వారమంతా బాస్ చేతికి చిక్కినవాడికి శనివారమైనా ఒక బాస్‌ని తన చేత్తో పట్టాలనిపించడంలో నాకు తప్పేమీ కనబడలేదు. వెళ్ళిరండి అన్నాను. పుట్టి మునిగింది అక్కడే.

ఎనభై డాలర్లు పారేస్తే కొట్లో మంచి గాలపు రాడ్డు వస్తుంది. అది ఆయన చేతికి కుదరలేదట. ఇక్కడ రాడ్డు సొంతంగా కట్టుకునే జనం ఉన్నారు. కార్బన్ ఫైబరు బోలు కర్ర తెప్పించుకుంటారు, దాన్ని బ్లాంకు అంటారు. అడుగున బెండు పిడి తొడిగి, దాని పొడవునా లైను జారడానికి ఉంగరాల్లాంటి గైడ్లు వరసగా బిగిస్తారు. సుమారుగా అడుగుకొకటి, కొసన ఇంకొకటి. బిగించడానికి మేకూ లేదు, మరా లేదు. గైడు పాదం మీంచి సన్నటి నైలాన్ దారం చుట్టడమే. చుట్టు పక్కన చుట్టు పడాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు, సందు కనబడకూడదు. అంగుళం కప్పేసరికి వంద చుట్లు దాటతాయి. ఆ పైన ఎపాక్సీ పూస్తారు.

చేత్తో చుట్టేవాళ్ళకి దీనికి ఖర్చే లేదు. అట్టపెట్టె అంచులకి రెండు గంట్లు కోసి కర్ర ఆనించడం, దారపు ఉండని లావుపాటి పుస్తకం వెనక పెట్టి, కొసని పేజీల మధ్యనుంచి లాగడం, కర్రని వేళ్ళతో తిప్పడం. బిగువు చూసుకోవడం పుస్తకం పని. మా నాన్నగారు ఇచ్చిన తెలుగు నిఘంటువు ఇరవయ్యేళ్ళలో మొదటిసారి మా ఇంట్లో ఉపయోగపడింది. అలా ఒక గైడుకి 40 నిమిషాలు పట్టింది. అక్కడితో ఊరుకుంటే ఈ గొడవ ఉండేది కాదు. కానీ ఆయనది సాఫ్టువేరు. నలభై నిమిషాల పనిని నాలుగు నిమిషాల్లో చెయ్యడానికి నాలుగు నెలలు ఖర్చుపెట్టడం ఆ వృత్తిలో ధర్మం.

"దీనికి పవర్ రాపర్ అని ఒక మిషన్ ఉంటుందోయ్. కొంటే వందల డాలర్లు. తీరా చూస్తే దాన్లో ఉన్నదేంటి? ఒక మోటారు, ఒక కాలి పెడలు," అంటూ ఆయన హాలు మూలకి చూశారు. ఆ మూల నా కుట్టుమిషన్ ఉంది. ఆ చూపు అప్పుడే అర్థం చేసుకోవలసింది.

"ఏవండీ, నా మిషన్ మోటారేదీ?"

"అప్పుగా తీసుకున్నానోయ్. ఆదివారానికి ఇచ్చేస్తాను."

ఏ ఆదివారమో అడక్కపోవడం నా రెండో తప్పు.

కుట్టుమిషన్ మోటారు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. దానికి రాడ్డు నేరుగా తగిలిస్తే, పెడలు మెల్లిగా నొక్కితే మూలిగి ఊరుకుంటుంది, ఇంకాస్త నొక్కితే సంక్రాంతి పుంజులా ఎగురుతుంది. అందుకని మోటారుకి ముప్పావంగుళం కప్పీ, రాడ్డుని తిప్పే ఇరుసుకి 6 అంగుళాల కప్పీ పెట్టి బెల్టు వేశారు. మోటారు 8 చుట్లు తిరిగితే రాడ్డు ఒక చుట్టు. రాడ్డుని పట్టుకునే చక్కు, పీవీసీ గొట్టం మూతకి మూడు వైపులా బోల్టులు దూర్చి, కొసలకి రబ్బరు తొడిగింది. దూరపు కొస ఊగకుండా కింద చక్రాలు కావాలిట. మర్నాడు మా పాప స్కేట్లలో నాలుగు చక్రాలు లేవు. అది ఏడిచింది. శాస్త్ర ప్రగతికి అందరూ కొంత త్యాగం చెయ్యాలని తండ్రిగారు ఉపదేశించారు.

ఇదంతా 8 అడుగుల అల్యూమినియం పట్టా మీద అమర్చేసరికి గ్యారేజీ నిండింది. కార్లు రెండూ వీధిన పడ్డాయి. ఉత్తర టెక్సాస్‌లో వసంతకాలమంటే కోయిల కూతలు కాదు, వడగళ్ళు. ఏప్రిల్లో ఒక రాత్రి నిమ్మకాయలంతవి పడ్డాయి. తెల్లారి చూస్తే నా కారు టాపు గుంతపొంగణాల పెనం. రాడ్డు మాత్రం నీడన క్షేమంగా ఉంది.

ఆ వారంలోనే అత్తగారు వీడియో కాల్ చేశారు. వెనకాల తిరిగే చక్రం చూసి, "ఏంట్రా అబ్బాయ్, రాట్నం పెట్టావా? అమెరికాలో నూలు వడుకుతున్నావా?" అన్నారు. విషయం విని కాసేపు మాట్లాడలేదు. "మీ తాత కాలవ గట్టున వెదురు బద్దకి దారం కట్టి, ఎర్ర గుచ్చి కూర్చుంటే, పొద్దు వాలేసరికి పులుసుకి సరిపడా జెల్లలు తెచ్చేవాడు కదరా!"

"అది వేరమ్మా," అన్నారీయన. ఎందుకు వేరో ఆమెకీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు.

ఇక నేను నేరంలో భాగస్వామినైన రోజు సంగతి కూడా దాచను. ఒక సాయంత్రం గ్యారేజీలోంచి కేక. దారం వదులుగా పడుతోంది, బిగిస్తే తెగుతోంది. "దీనికి టెన్షన్ సరిపోవడం లేదోయ్!" అన్నారు. నా దగ్గర బోలెడుంది, కావాలంటే ఇస్తానన్నాను. వెళ్ళి చూస్తే ఏముంది, నా మిషన్‌లోంచి పీకిన రెండు టెన్షన్ బిళ్ళలూ స్ప్రింగుతో సహా అక్కడున్నాయి. దారం వాటి మధ్యలోంచి పోవాలి. ఈ మహానుభావుడు పైనుంచి పోనిచ్చారు. ఇది మా ఊరి టైలరు దగ్గర పనికి చేరిన కుర్రాడికి కూడా మొదటి రోజే తెలుస్తుంది. సరిచేసి, లేవమని, నేను కూర్చున్నాను. పెడలు మీద కాలు పెట్టగానే తెలిసింది, అది నాదే. ఎక్కడ నొక్కితే ఎంత కదులుతుందో నా పాదానికి కంఠతా.

దారం కొసని కర్ర మీద వేసి, దాని మీంచే నాలుగు చుట్లు పోనిచ్చి అణిచాను. మిగిలిన తోక కోసేశాను. తరవాత ఊపిరి బిగబట్టి నొక్కాను. దారం కొంచెం వాలుగా ఉంటే చుట్టు తనంతట తను వెళ్ళి పక్కదానికి ఆనుకుంటుంది. గైడు పాదం అంచు దగ్గర ఒకసారి తడబడింది. గోటితో నెట్టాను. పాదం ఎక్కేసింది. చిలకాకుపచ్చ, నడుమ నాలుగు చుట్లు బంగారు రంగు. ఇంకో ఏడెనిమిది చుట్లు మిగిలాయనగా వేరే దారం ముక్కని ఉచ్చులా మడిచి కింద పెట్టి, చివర కొసని అందులో దూర్చి లాగేస్తే, ముడి లేకుండా లోపలికి పోయింది. పని ముచ్చటగా ఉందని ఒప్పుకుంటాను. ఆ మాట ఆయనతో అనలేదు.

మర్నాడు ఎపాక్సీ పూశారు. నైలాన్ దారం ఎపాక్సీని పీల్చుకుంటే రంగు చచ్చిపోతుంది. ముందు రంగు నిలిపే ద్రవం ఒకటి రాసి ఆరనివ్వాలి. అది రాయలేదు. నా చిలకాకుపచ్చ పది నిమిషాల్లో గోంగూర పచ్చడి అయింది. బ్లేడుతో కోసి మళ్ళీ మొదలు. రెండోసారి పూసినప్పుడు, ఎపాక్సీ కిందికి కారి బొట్లు కట్టకుండా రాడ్డుని గంటలకొద్దీ మెల్లిగా తిప్పాలన్నారు. దానికి నిమిషానికి ఐదారు చుట్లు తిరిగే మోటారు కావాలిట, మైక్రోవేవ్‌లో పళ్ళెం తిప్పేలాంటిది. నేను వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. పాతదొకటి వీధి చివర చెత్తలో దొరికింది కాబట్టి మా కాపురం నిలిచింది. ఆ రాత్రంతా బట్టలారే మిషన్ వెయ్యకూడదు, చీపురు పట్టకూడదు, గ్యారేజీ తలుపు తియ్యకూడదు. నలుసు పడితే పూత పాడవుతుంది. పురిటిగదికి కూడా ఇంత మడి ఉండదు.

మే నెలలో లేక్ ఫోర్క్‌కి బయల్దేరాం. డల్లాస్‌కి తూర్పున, గంటన్నర ప్రయాణం. టెక్సాస్ రికార్డు బాస్, 18.18 పౌన్లది, 1992లో ఆ చెరువులోనే పడిందని దారి పొడుగునా మూడుసార్లు చెప్పారు. మంచినీటి చేపల లైసెన్సుకి 30 డాలర్లు ముందే కట్టారు. ఇంటి దగ్గర చింతపండు నానేసి, మెంతికారం దంచి ఉంచాను.

మధ్యాహ్నం రెండింటికి పడింది. రాడ్డు విల్లులా వంగింది, నేను చుట్టిన గైడు కదల్లేదు. ఆయన చేతులు వణుకుతుండగా చేపని కొలబద్ద మీద పరిచారు. 17 అంగుళాలు. లేక్ ఫోర్క్‌లో 16 అంగుళాల లోపు బాస్‌ని ఇంటికి తెచ్చుకోవచ్చు, 24 దాటిందైతే ఒక్కటి తెచ్చుకోవచ్చు. నడిమి సైజుది దొరికితే నీళ్ళలో వదిలెయ్యాలని చట్టం. వదిలేశారు. అది తోకతో ఆయన ముఖాన నీళ్ళు కొట్టి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఆ చింతపండుతో చారు పెట్టాను.

ఇంతటితో మోటారు వెనక్కి వస్తుందనుకున్నాను. కానీ దారం చుట్టే మిషన్ ఖాళీగా ఉంటే పాడైపోతుందట. స్నేహితులు నలుగురు తమ రాడ్డులు పట్టుకొచ్చి పడేశారు. మోటారొకటి పంపిస్తానని నరసాపురం నుంచి మా చెల్లెలంది గానీ, అక్కడివి 230 వోల్టులవి, ఇక్కడ పనికిరావు. పెళ్ళి శ్రావణమాసంలో.

కాబట్టి డల్లాస్ చుట్టుపక్కల తెలుగువారికి విన్నపం. మీ ఇంట మూలన పడి ఉన్న కుట్టుమిషన్ మోటారు, 120 వోల్టులది, పెడలుతో సహా ఉంటే ఇప్పించగలరు. టెన్షన్ బిళ్ళలు కూడా ఉంటే మరీ మంచిది. తగిన ధర ఇస్తాను. తెచ్చేవారు దయచేసి మంగళవారం గానీ గురువారం గానీ రండి. ఆ రెండు రోజులే ఆయన ఆఫీసుకి వెళ్ళేది.