పలకరింపుల తనిఖీ కేంద్రం

మన పెళ్లిళ్లలో "ఎలా ఉన్నావు?" అని అడగడం పరాయివాళ్ల మర్యాద. అయినవాళ్లు అడగరు, ఎలా ఉన్నావో వాళ్లే చెప్పేస్తారు. పదో తరగతి పిల్ల పందిట్లో అడుగుపెట్టీ పెట్టగానే పిన్నిగారు గడ్డం పట్టుకుని మొహం వెలుతుర్లోకి తిప్పుతారు. "ఏంటే, ఇలా నల్లబడిపోయావు? ఈ మొటిమలేంటి?" రిపోర్టు అక్కడికక్కడే, మైకు అక్కర్లేనంత గట్టిగా.

అవతల బాబాయిగారు ఇంటర్ కుర్రాణ్ని పట్టుకున్నారు. "మీసం ఏదిరా? గొంతింకా కీచుమంటోందే!" నలుగురూ నవ్వుతారు. వాడూ నవ్వుతాడు. నవ్వకపోతే "సరదాకన్నాం, అంత ఫీలవుతావేంట్రా" అని రెండో విడత ఉంటుందని వాడికి తెలుసు.

బంతిలో కూర్చున్నాక అసలు విచిత్రం. "ఒళ్లు చేశావమ్మా, కాస్త తగ్గాలి" అన్న నోరే "మొహమాటపడకు, ఇంకో జిలేబీ వేయించుకో" అంటుంది. వేయించుకుంటే తిండిపోతు, వద్దంటే పొగరు.

ఇన్‌స్టాగ్రామ్‌ను నడిపే కంపెనీ తన కోసం చేయించుకున్న పరిశోధన 2021లో బయటికి పొక్కింది. తమ ఒళ్లు తమకే నచ్చక కుమిలే టీనేజీ అమ్మాయిల్లో 32 శాతం మంది, ఆ యాప్ చూశాక బాధ ఇంకా పెరిగిందన్నారట. పాపం, అన్ని కోట్ల డాలర్లూ అంతమంది ఇంజనీర్లూ ఉండి మూడో వంతు దగ్గరే ఆగిపోయారు! మన మేనత్తలకి ఒక్క పందిరి అప్పగిస్తే నూటికి నూరూ చేసి చూపించేవాళ్లు, సిగ్నల్ కూడా అక్కర్లేకుండా.

1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము, 2020లో పేరులోంచి 'ఫెయిర్' పీకేసుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. నలభై అయిదేళ్లకైనా ఆ ట్యూబుకి మొహమాటం పుట్టింది. పెళ్లి సంబంధాల గ్రూపుల్లో మాత్రం ఆ మాట చెక్కుచెదరలేదు. తెలుగు పిల్లలం అన్న పాపానికి తెలుగు తెర మీద తెలుగు రంగు చూసుకుందామంటే, హీరోయిన్ ముంబయి నుంచి విమానం దిగుతుంది.

ఇంత సేవా చేశాక ఓ తల్లి ఆడపడుచుకి ఫోన్ చేసి కళ్లొత్తుకుంటుంది. "ఏం చెప్పను వదినా, ఫంక్షనంటే చాలు తలుపేసుకుంటోంది. ఫొటోకి రమ్మంటే ఏడుపు. మనుషుల్లో కలవదు. అంతా ఆ ఫోన్ వల్లే."

"నిజమే వదినా," అంటుంది ఆవిడ, "శనగపిండిలో మీగడ కలిపి రోజూ పట్టించు. మొహం తేటపడితే ధైర్యం దానంతటదే వస్తుంది."