బూట్ల పురాణం (టీకా తాత్పర్య సహితం)

అవతారిక

ఈ గ్రంథం సంవాదరూపం. వక్త రైల్వేలో రిటైరైన ఒక కాకా. శ్రోత ఆయన అన్న కొడుకు. స్థలం సికింద్రాబాదులో ఒక ఇరానీ హోటలు. మంగళాచరణం "దో చాయ్, ఏక్ ప్లేట్ ఉస్మానియా" అని ఉంది. అది ఉర్దూ గనుక విడిచిపెట్టాను.

మూలంలో లేనిది ఒక్క ముక్కా రాయనని ప్రతిజ్ఞ పట్టిన మల్లినాథసూరి మెదక్ దగ్గర కొల్చారం వాడు, అంటే మన పొరుగువాడే. ఆయన మర్యాద చేతనైనంత పాటిస్తాను. కాళిదాసు కావ్యాన్ని ఎదురుగా పెట్టుకున్నవాడికి ఆ ప్రతిజ్ఞ సులువు. మా కాకా చెప్పే ఫుట్‌బాల్ ఆటలకు మూలం ఎక్కడ వెతకాలి?

మూలం

"పన్నెండు వేలు బెట్టి బూట్లు గొన్నవా? మా బలరాం పాత పోలీసు బూట్లు కుట్టిచ్చుకొని ఒలింపిక్సుల ఆడిండు, ఎర్కేనా?"

టీక: పన్నెండు వేలు = శ్రోత నెల జీతమున సగము; బెట్టి = వాయిదాల మీద చెల్లించి; బూట్లు = అడుగున స్టడ్స్ గల పాదరక్షలు (ఇవి గడ్డి నేలకు తగినవి; శ్రోత ఆడునది గంటకింతని అద్దెకిచ్చు టర్ఫ్ మీద, అచట ఇవి జారును); గొన్నవా = కొంటివా, ఇది ప్రశ్నవలె కనబడు అభియోగము; మా = మాకు చెందిన (కాకా బలరామునకు చుట్టము గాడు, ఆయన ఆట చూచినవాడును గాడు); బలరాం = తులసీదాస్ బలరాం, సికింద్రాబాదు అమ్ముగూడ వాస్తవ్యుడైన ఫుట్‌బాల్ ఆటగాడు; ఎర్కేనా = తెలియునా (తెలియదని రూఢి చేసికొని అడుగుట).

తాత్పర్యం: ఓయీ బాలకా! కాలిలో ఆట లేనివాడు కాలికి ఏమి తొడిగిననేమి?

విశేషం: ఇందులో కాలవిరోధ దోషముంది. బలరాం చిన్నప్పుడు పోలీసులు పారేసిన బూట్ల తోలుతో తనకు బూట్లు కుట్టించుకున్నాడని చెప్పుకుంటారు. అవి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ దాకా నడిచొచ్చినవి కావు. 1960లో రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్ కొట్టిన కాళ్లకూ అవి లేవు. కాకా రెండు కాలాలను ఒకే వాక్యంలో కుట్టేశాడు. కుట్టు మాత్రం కనబడదు.

అసలు బూట్ల చరిత్ర చూస్తే కాకా వాదం కొంత కుంటుతుంది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది వట్టికాళ్లతో ఆడి, రెండు పెనాల్టీలు పోగొట్టుకుని కూడా, ఫ్రాన్స్ చేతిలో 2-1 తేడాతోనే ఓడారు. జనం మెచ్చుకున్నారు. 1952లో హెల్సింకీలో అదే కాళ్లతో దిగితే యుగోస్లావియా 10-1తో చితక్కొట్టింది. ఆ తరవాతే మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. హెల్సింకీ జట్టుకు కోచ్, కాకా ముందు మూలంలో ఆకాశానికెత్తబోయే రహీం సాబే. కాకా గ్రంథంలో ఈ ఘట్టం లుప్తం. వ్రాతప్రతిని చెదలు తిన్నాయనుకుందాం.

శంక: 1950 వరల్డ్ కప్పుకు మనవాళ్లు బూట్లు లేకనే పోలేదని లోకప్రసిద్ధి గదా?

సమాధానం: ప్రసిద్ధి ఉంది, పస లేదు. అప్పటి కెప్టెన్ సైలెన్ మన్నాయే తరవాత దాన్ని కొట్టిపారేశారు. బ్రెజిల్ దాకా ఓడ ప్రయాణం, పెద్దలకు ఒలింపిక్స్ మీదే గురి ఉండటం లాంటివి అసలు కారణాలు. అయినా ఈ కథ చావదు. చెప్పడానికి బాగుంటుంది మరి.

మూలం

"రహీం సాబ్ ఉంటే నీ కోచ్‌లు గీడ నీళ్లు మోసెటోళ్లు."

టీక: రహీం సాబ్ = సయ్యద్ అబ్దుల్ రహీం (శ్రోత మతమున 2024 నాటి 'మైదాన్' సినిమాలోని అజయ్ దేవగణ్; కాకా మతమున కాచిగూడ మిడిల్ స్కూలు సారు); నీ కోచ్‌లు = గార్డియోలా ప్రభృతులు (శ్రోత ఇతనిని 'పెప్' అని, కలిసి చదువుకొన్నవానివలె పిలుచును); గీడ = ఇక్కడ, అనగా ఫతేమైదానమున; నీళ్లు మోసెటోళ్లు = విరామమున సీసాలందించువారు.

విశేషం: మొదట అతిశయోక్తి అని రాసుకున్నాను. ఆరా తీస్తే స్వభావోక్తికి దగ్గరగా వచ్చింది. బడిపంతులు గనుక రహీం సాబ్ ఆటకూ పాఠాలు కట్టారు: డ్రిబ్లింగ్ నిషేధించి ఒక టోర్నమెంటు, వాటం లేని కాలితోనే తన్నాలని మరొకటి. కుడికాలివాడు ఎడమకాలితో తంటాలు పడుతుంటే చూసిన జనం ఎంత నవ్వి ఉంటారో! ఆ కాళ్లే 1956లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్స్ సెమీఫైనల్‌కు నడిచాయి.

ఇక 1962 జకార్తా ఏషియాడ్ ఫైనల్. స్టేడియం మొత్తం మనకు ఎదురు. తంగరాజ్ జ్వరం నుంచి లేచాడు, అయినా గోల్ అతనికే అప్పగించారు. తలకు కుట్లున్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. పీకే బెనర్జీ ఒకటి, ఆ కుట్ల తలవాడు ఒకటి కొట్టారు. దక్షిణ కొరియా మీద 2-1, బంగారు పతకం. ఆ రోజుకే రహీం సాబ్‌కు క్యాన్సర్. 1963 జూన్‌లో పోయారు. ఏషియాడ్ ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు. ఈ వాక్యానికి టీక అక్కర్లేదు.

మూలం

"కాకా, టీమే ఢిల్లీకి బోయింది. ఇగ ఎవలకు చప్పట్లు గొట్టాలె?"

టీక: స్పష్టము.

(కఠినమైన చోట "స్పష్టము" అని దాటిపోవడం వ్యాఖ్యాతల ఆచారం. అయినా రెండు మాటలు.)

విశేషం: 2019లో పుణె జట్టు ఖాళీ చేసిన చోట హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చిలో మనోలో మార్కెజ్ శిక్షణలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఒగ్‌బెచే ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టి బంగారు బూటు పుచ్చుకున్నాడు. కాకా నోట ఇంతవరకు తిట్టు పడని కొత్త బూటు ఇదొక్కటే. కోవిడ్ వల్ల ఆటలన్నీ గోవాలో జరిగాయి. శ్రోత ఆ కప్పును ఫోన్‌లో చూశాడు. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలింది. పుణెవాళ్ల చోటు మనకొచ్చినప్పుడు పుణెలో ఏ కాకా ఏమన్నాడో మనం అడగలేదు.

కాకా జవాబు "చాయ్ తాగు" అని మాత్రమే ఉంది. పాఠాంతరం: "చాయ్ సల్లగైతుంది."

ఉపసంహారం

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. కాకా పుట్టకముందు మాట అది. వాళ్ల నాన్న చెప్పింది ఆయన చెబుతాడు, ఆయన చెప్పింది శ్రోత రేపు ఇంకొకడికి చెబుతాడు. నేను రాసింది వ్యాఖ్యకు వ్యాఖ్య. బలరాం కూడా 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో కన్నుమూశారు. చూసి చెప్పేవాళ్లు వేళ్లమీదికి వచ్చారు.

కాబట్టి పాఠకులకు మనవి: మీ ఇంట్లో తాతగారి పెట్టెలో పాత ఫుట్‌బాల్ జట్టు ఫోటో ఉంటే, అందులోవాళ్లను గుర్తుపట్టే మనిషి ఉండగానే వెనకవైపు పెన్సిలుతో పేర్లు రాయించండి. ఎడమనుంచి కుడికి, నిలబడినవాళ్లు, కూర్చున్నవాళ్లు, అందరివీ.