మన క్లబ్బు వెబ్‌సైటు పునర్నిర్మాతలకు సన్మాన పత్రం

గౌతమీ వసిష్ఠల నడుమ కొబ్బరి నీడన వర్ధిల్లే మన క్రీడా క్లబ్బుకు అధ్యక్ష కార్యదర్శులై, కార్యవర్గ శిరోభూషణులై, సభ్యుల చందాలను డిజైనరు దోసిట ధారపోసిన దానకర్ణులై, పాత వెబ్‌సైటును తొలగించి అంతకు మించిన ప్రాచీన వైభవం ఉట్టిపడే కొత్త వెబ్‌సైటును ప్రతిష్ఠించిన మహనీయులారా! మీ కృషి అనన్యసామాన్యం. అమలాపురం నుంచి రాజోలు దాకా, కొత్తపేట నుంచి ముమ్మిడివరం దాకా దీన్ని తెరవబోయిన వారెవరూ మిమ్మల్ని ఇప్పట్లో మరవలేరు.

మొదటి పేజీయే ఒక మహాకావ్యం. కొబ్బరితోటల మీదుగా డ్రోను ఎగురుతుంది, గోదావరిని చుట్టివస్తుంది, మబ్బులను ముద్దాడి తాపీగా క్లబ్బు కార్యాలయం డాబా మీద వాలుతుంది. అది వాలేలోగా, లంక ఊళ్ళో ఒక్క గీత సిగ్నలుతో నెట్టుకొస్తున్న ఫోనులోని ఆనాటి డేటా అంతా ఈ పుణ్యకార్యానికే వినియోగమవుతుంది. ఆ వెంటనే మీ దివ్యదర్శనం. అధ్యక్షులవారు శాలువాతో, కార్యదర్శులవారు పుష్పగుచ్ఛంతో, కోశాధికారివారు రెండింటితో. క్రీడా క్లబ్బు పేజీలో ఆటగాళ్ళను చూపించడం ఎవరైనా చేయగల పని. బ్యాటు, బంతి, షటిల్ ఒక్కటీ కంటపడనీయకుండా క్రీడా వైభవాన్ని స్ఫురింపజేయడం ధ్వని మర్మం ఎరిగిన మీవంటి రసజ్ఞులకే చెల్లింది.

మీ సంయమనం మరీ గొప్పది. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టితో జతకట్టి 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌లో భారతదేశానికి తొలి స్వర్ణం తెచ్చాడు. అదే ఏడాది గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ పుస్తకానికెక్కాడు. అంతటి వేగం ఒక ఊరికి చాలునని గ్రహించి, మన పేజీలు తెరుచుకునే తీరులో మీరు తగిన నిదానం పాటించారు. ఆ కుర్రాణ్ణి చూసి రాకెట్టు పట్టిన పిల్లలకు ఓర్పు అలవడాలన్న మీ ఆకాంక్ష ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక మీ సమదృష్టి! డెస్క్‌టాపు పెద్దదనీ ఫోను చిన్నదనీ భేదం చూపడం అల్పుల లక్షణం. తెర వెడల్పును బట్టి ఒకే పేజీ ఒదిగిపోవాలని 2010లో ఈథన్ మార్కాట్ అనే డిజైనరు వ్యాసం రాసి లోకాన్ని ఊపేశాడు. ఫోనులో చదవడానికి వీలైన పేజీలకే ఫోను వెదుకులాటలో పెద్దపీట వేస్తానని 2015 ఏప్రిల్‌లో గూగుల్ అంతటిది మారిపోయింది. స్థితప్రజ్ఞులైన మీరు మాత్రం చలించలేదు. పేజీ కోడులో వ్యూపోర్ట్ అనే ఒక్క వరుస రాస్తే ఫోను తన అసలు వెడల్పునే పేజీ వెడల్పుగా తీసుకుంటుంది. ఆ వరుసను మీరు త్యజించారు కనుక ఫోను మన పేజీని 980 పిక్సెళ్ళ విశాల సామ్రాజ్యంగా భావించి, అంతటినీ అరచేతిలోకి కుదించి చూపిస్తుంది. చదవదలచినవారు రెండు వేళ్ళతో విడదీయాలి, పక్కకు లాగాలి, తప్పిపోతే మళ్ళీ మొదటికి రావాలి. సభ్యుల వేళ్ళకు వ్యాయామం కల్పించడం క్రీడా క్లబ్బు ధర్మమే కదా!

వేలికి అందాలంటే మీట కనీసం 44 పాయింట్లుండాలని ఆపిల్ వారు తమ డిజైనర్లకు చెబుతారు. మీరు దాన్ని నువ్వుగింజంత చేసి, ‘రుసుము చెల్లించు’ పక్కనే ‘రద్దు’ను ఆనించి కూర్చోబెట్టి, గురి తప్పని విలుకాండ్రకు మాత్రమే సభ్యత్వం దక్కే స్వయంవరం ఏర్పాటు చేశారు. కువైట్‌లో పని ముగించుకుని, రాత్రి ఫోనులో కూతురి శిక్షణ రుసుము కడదామని కూర్చున్న తండ్రి ఆ మత్స్యయంత్రం ముందు ఎంత ఏకాగ్రత సాధిస్తున్నాడో మీరు ఊహించగలరు. ఊరికి దూరమైనవారిని క్లబ్బుతో ఇంతసేపు కట్టిపడేసే ఉపాయం మరెవరికి తోచేది?

మీ భాషాభిమానానికి వేయి వందనాలు. తెలుగు యూనికోడ్‌లోకి వచ్చి చాలా కాలమే అయింది, 1991 నాటి మొదటి కూర్పులోనే ఉంది. అక్షరాలను అక్షరాలుగా వదిలేస్తే ఎవరు పడితే వారు వెదుకుతారని, చూపులేనివారికి ఫోను చదివి వినిపిస్తుందని ముందే ఊహించి, ప్రకటనలన్నిటినీ ఫ్లెక్సీ బొమ్మలుగా మార్చి భద్రపరిచారు. వేసవి శిబిరం వేళలు, ఈత నేర్పే రోజులు, వర్షం వస్తే ఆట ఉందో లేదో అనే వివరం, అన్నీ బొమ్మలే. ఆడపిల్లల శిక్షణ వేళలను నాలుగు తలుపుల లోపల, ‘ఇతరములు’ అనే అంతఃపురంలో ఉంచిన మర్యాద మరీ మెచ్చదగినది. అక్కడి దాకా వెళ్ళగలిగిన తల్లి కూతురిని ఒలింపిక్స్ దాకా కూడా తీసుకెళ్ళగలదు.

నిర్మాణం ముగియగానే పాస్‌వర్డును డిజైనరు దగ్గరే ఉంచి, ఆయనను హైదరాబాదుకు సాగనంపడం మీ దూరదృష్టికి పరాకాష్ఠ. ఇక పేజీలో ఒక్క అక్షరం మారే ప్రమాదం లేదు. ‘తాజా వార్తలు’ అని ఎర్రగా పరిగెత్తే వరుసలో నిరుటి సంక్రాంతి పోటీలు నేటికీ తాజాగానే ఉన్నాయి. కాలాన్ని ఇలా నిలబెట్టినందుకు మిమ్మల్ని ఏ శాలువాతో సత్కరించగలం? ఉన్న శాలువాలన్నీ ఫొటోల్లో మీ భుజాల మీదే ఉన్నాయి.

పిల్లలను శిబిరంలో చేర్పించదలచిన తల్లిదండ్రులకు ఒక మనవి. వేళలు, రుసుము, కోచ్ ఫోను నంబరు క్లబ్బు గేటు పక్క గోడకు అంటించిన తెల్లకాగితం మీద చేతిరాతతో ఉన్నాయి. సాయంత్రం అటు వెళ్ళినప్పుడు ఫోనుతో ఫొటో తీసుకోండి.